పూల అట్ట ఎక్కని ఫోటో

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను జుట్టు విరబోసుకొని నవ్వలేదు. గోడకు తల బాదుకోలేదు. ఎవరి మీదా రాయి విసరలేదు. సినిమాల్లో మతి చెడినవాళ్ళు చేసే పనుల్లో ఒక్కటి కూడా నేను చేయలేదు. పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించేదాన్ని. ఆదివారం చర్చికి పోయి అందరితో కలిసి పాట పాడేదాన్ని. అందుకే నాకు జబ్బు చేసిందని మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. నాకే తెలియలేదు, ఇంక వాళ్ళను ఏమని తిట్టను?

ఇప్పుడు బాగానే ఉన్నాను. రోజూ ఒక మాత్ర వేసుకుంటాను. అన్నం రుచి తెలుస్తోంది. ఎవరైనా నా మీద అరిస్తే తిరిగి అరవగలుగుతున్నాను. అదీ ఆరోగ్యమేనని మా డాక్టరమ్మ అంటుంది. "బాగున్నవ్ గద, మళ్ళా అదంత ఎందుకు తవ్వుకుంటవ్?" అని మా ఆయన అడిగాడు. తవ్వకుండా పూడ్చిపెడితే లోపల కుదురుగా ఉండడం లేదు. అందుకని రాస్తున్నాను. మా ఇంట్లాంటి ఇల్లు ఇంకొకటి ఎక్కడైనా ఉంటే వాళ్ళకు పనికొస్తుందని కూడా.

మా ఆయన పేరు డేవిడ్. దమ్మపేట దాటినాక అడవి మొదలయ్యే దగ్గర మా ఊరు. మా ఊరికీ, చుట్టుపక్కల పల్లెలకూ కేబుల్ టీవీ మాదే. ముందు గదిలో ఆఫీసు, వెనక గదుల్లో కాపురం. అన్ని ఛానళ్ళతో పాటు మా సొంత ఛానల్ ఒకటి నడిపేవాళ్ళం. మధ్యాహ్నం సినిమా, సాయంత్రం జనం ఫోన్ చేసి అడిగిన పాటలు, పుట్టినరోజు పిల్లల ఫోటోలు, చనిపోయినవాళ్ళ ఫోటోలు వచ్చేవి. ఆఫీసు బల్ల దగ్గర మా అత్తమ్మ రాహేలమ్మ కూర్చునేది. మామయ్య బతికి ఉన్నన్నాళ్ళూ ఇల్లందు వైపు బొగ్గుబాయి క్వార్టర్లలో కాపురం చేసిన మనిషి. గొంతు పెద్దది, ఎవరికీ జంకదు.

మా పల్లెల్లో చాలామందికి విడిగా ఫోటో ఉండదు. మనిషి పోతే ఇంటివాళ్ళు ఏ పెళ్ళిలోనో తీసిన గుంపు ఫోటో పట్టుకొని మా ఆఫీసుకు వచ్చేవాళ్ళు. అత్తమ్మ కత్తెర తీసుకొని, అందులోంచి పోయిన మనిషి ముఖాన్ని గుండ్రంగా కత్తిరించేది. చుట్టూ పూలు గీసిన ఒక అట్ట ఉండేది. ముఖాన్ని దాని మీద అతికించేది. డేవిడ్ ఆ అట్టను స్టూలు మీద నిలబెట్టి, కెమెరాతో తీసి, వెనక ఒక ఏడుపు పాట కలిపి ఛానల్‌లో వేసేవాడు. రాను రాను అది దినం చేసినంత ముఖ్యమైపోయింది. "మా అయ్యను పూల అట్ట ఎక్కించిన్రా లేదా?" అని ఫోన్ చేసి మరీ అడిగేవాళ్ళు.

తమంతట తాము ప్రాణం తీసుకున్నవాళ్ళయితే అట్టతో సరిపెట్టేవాళ్ళం కాదు. డేవిడ్ కెమెరా భుజాన వేసుకొని వాళ్ళ ఇంటికే పోయేవాడు.

2005, వానలు

రెండో కానుపుకు నన్ను భద్రాచలం తీసుకుపోయారు. గోదావరి నిండుగా పారుతోంది. బస్సు బ్రిడ్జి మీదికి రాగానే అందరూ కిటికీల్లోంచి వంగి చూశారు, నేనూ చూశాను. దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. అంతే, దాని గురించి ఇంకేమీ రాయలేను.

పక్క మంచం మీద ఒక కోయ తల్లి ఉండేది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. తన బిడ్డకు పాలు పట్టే వేళకు నా వైపు ఒకసారి చూసి, బిడ్డ నాకు కనబడకుండా అటు తిరిగి కూర్చునేది. వీపు నొప్పి పుట్టినా అట్లాగే కూర్చునేది. ఇంటికి వచ్చాక ఎంతోమంది ఎన్నో చెప్పి ఓదార్చారు గానీ, నాకు గుర్తున్నది ఆ తల్లి వీపే.

"దేవుడు ఇంకొకలను ఇస్తడు బిడ్డా" అన్నారు చర్చివాళ్ళు. "బ్లెస్సీ ఉన్నది గద, దాన్ని చూసుకో" అన్నారు. బ్లెస్సీ మా పెద్దపిల్ల, అప్పుడే బడిలో చేరింది. దానికి జడ వేస్తూ వేస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. తరువాత ఏ పాయ ఎటు వేయాలో తోచేది కాదు. పిల్ల కాసేపు చూసి, సగం జడతోనే బడికి పరుగెత్తేది.

చలికాలం వచ్చేసరికి బిందె ఎత్తడం కూడా కొండ ఎత్తినట్టయింది. ఏడుపు రాలేదు. ఏడుపు వస్తే ఎవరైనా పట్టించుకునేవాళ్ళేమో. తెల్లవారుతుందంటేనే భయం పట్టుకునేది. నేను ఈ ఇంటికి బరువని, నేను లేకుంటే వీళ్ళు హాయిగా ఉంటారని ఒక మాట తలలో చేరింది. ఎవరో చెప్పినట్టు కాదు, నాకే తెలిసిన నిజంలాగా ఉండేది. అది జబ్బు మాట్లాడే మాట అని ఇప్పుడు తెలుసు. అప్పుడు అది నా సొంత బుద్ధి అనే అనుకున్నాను.

డేవిడ్‌కు ఏం చేయాలో పాలుపోలేదు. తనకు తెలిసిన వైద్యం తాను చేశాడు. పడక గదిలోకి ఒక టీవీ తెచ్చి, వైరు లాగి, మా ఛానల్ పెట్టాడు. "ఒక్కదానివే పండుకోని ఏదో ఒకటి ఆలోచిస్తున్నవ్. సినిమాలు చూడు, మనసు మళ్ళుతది" అన్నాడు. నాకు ఇష్టమని పాత ఏడుపు సినిమాలు ఏరి ఏరి వేసేవాడు. నేను లోపలి గదిలో చూస్తున్నానని ఆయన ముందు గదిలో కూర్చొని సీడీలు మారుస్తుండేవాడు. ఆయన ప్రేమ అట్లా ఉంటుంది, ఏం చేస్తాం.

ఆ సినిమాల్లో చచ్చిపోయే ఆడవాళ్ళంతా చక్కగా ఉంటారు. బొట్టు చెదరదు. మొగుడి ఒడిలో తల పెట్టుకొని, చెప్పాల్సినవన్నీ చెప్పి కళ్ళు మూస్తారు. అప్పటిదాకా పట్టించుకోనివాళ్ళంతా పశ్చాత్తాపంతో కుమిలిపోతారు. ఆ తరువాత పిల్లకు జడ ఎవరు వేశారో, ఆ ఇంట్లో మళ్ళీ పొయ్యి ఎప్పుడు వెలిగిందో చూపించరు. పేర్లు పడతాయి, అయిపోతుంది.

2006, ఎండలు

ఇంటర్ పరీక్షల ఫలితాలు వచ్చిన రోజుల్లో పక్క ఊరి పిల్ల శ్రావణి చనిపోయింది. ఎట్లా చనిపోయిందో నేను రాయను. మా ఛానల్ చెప్పింది, పొద్దంతా చెప్పింది. పరీక్ష తప్పింది కాబట్టి అని కూడా చెప్పింది. ఒక్క కారణంతో ఏ మనిషీ పోదని, ఆ పిల్ల లోపల ఎన్నాళ్ళుగా ఏం నడిచిందో మాకెవరికీ తెలియదని అప్పుడు ఎవరూ అనలేదు.

డేవిడ్ ఆ ఇంటికి పోయి అన్నీ తీసుకొచ్చాడు. దండెం మీది చున్నీ, పుస్తకాలు, వరసగా నిలబడి ఏడుస్తున్న స్నేహితురాళ్ళు. పత్తి ఏరే కూలికి పోయి పిల్లను చదివించుకున్న తల్లి భూలక్ష్మి, నేల మీద పొర్లుతూ అరవడం. వీటన్నిటి మధ్యా మళ్ళీ మళ్ళీ శ్రావణి ఫోటో. ఆ పిల్లకు గుంపు ఫోటో కత్తిరించే అవసరం రాలేదు. స్టూడియోలో దిగిన కొత్త ఫోటో ఉంది. గులాబీ రంగు చుడీదార్, తలలో కనకాంబరాలు, వెనక కొండలూ నీళ్ళూ ఉన్న తెర. చాలా అందంగా ఉంది.

జనం ఫోన్ల మీద ఫోన్లు. "ఆ పాప ప్రోగ్రాం మళ్ళా ఎయ్యన్నా, మా వదినె చూడలేదట." డేవిడ్ మళ్ళీ వేసేవాడు. లోపలి గదిలో నేను మళ్ళీ చూసేదాన్ని. ఊరంతా ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు. అసూయ కలిగింది. రాయడానికి సిగ్గుగా ఉన్నా, ఇదే నిజం. ఎవరికీ పట్టని పిల్లను ఇప్పుడు అందరూ తలుచుకుంటున్నారనిపించింది. నాకు ఏ పాట పెడతాడో అనుకున్నాను.

మా పెళ్ళినాటి ఫోటో ఒకటి ఉంది, చర్చి మెట్ల మీద అందరం నిలబడి దిగింది. ఒక మధ్యాహ్నం అత్తమ్మ బల్ల మీది కత్తెర తెచ్చుకొని, అందులోంచి నా ముఖం కత్తిరించాను. ఆమె కత్తిరించినట్టే గుండ్రంగా, కొంచెం మెడ వచ్చేట్టు. బీరువాలో బట్టల కింద పెట్టాను. పని ఒకటి పూర్తయినట్టు నెమ్మదిగా అనిపించింది. ఆ నెమ్మది చూసి డేవిడ్, "ఇయ్యాల మొఖం జర తేటగున్నది" అని సంతోషపడ్డాడు.

బ్లెస్సీ గౌను కోసం బీరువా తెరిచిన అత్తమ్మకు అది దొరికింది. మరో ఇంట్లో అయితే ఆ ముక్కను చూసి ఎవరూ ఏమీ అనుకోరు. పిల్ల ఆడుకుంటూ కత్తిరించిందని పారేస్తారు. కానీ గుండ్రంగా కత్తిరించిన ముఖం దేనికో మా అత్తమ్మ కంటే బాగా తెలిసినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. అరచేతిలో పెట్టుకొని వచ్చి నా మంచం మీద కూర్చుంది.

"ఎవలు కోసిన్రు బిడ్డా ఇది?"

"నేనే అత్తమ్మా."

"ఎందుకు?"

"మీకు పని తప్పుతదని."

ఆమె అరవలేదు. అంత గొంతున్న మనిషి, అరుస్తుందనే అనుకున్నాను. టీవీ కట్టేసింది. నా చెయ్యి తీసుకొని తన ఒళ్ళో పెట్టుకుంది.

"సచ్చిపోదామనుకుంటున్నవా కరుణా?"

అంతకాలంలో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. ఏమైంది అన్నారు, ధైర్యం తెచ్చుకో అన్నారు, ప్రార్థన చేసుకో అన్నారు. ఆ మాట మాత్రం, అడిగితే ఎక్కడ పుడుతుందోనన్నట్టు, నోట రానివ్వలేదు. అది నాలో ఎప్పుడో పుట్టింది, ఒంటరిగా పెరుగుతోంది.

"అవ్ అత్తమ్మా" అన్నాను. అన్నాక ఏడుపు వచ్చింది. బిడ్డ పోయినప్పటి నుంచి రాని ఏడుపంతా అప్పుడే వచ్చింది. ఆమె నా తల తన కడుపుకు అదుముకొని, "ఏడువు. ఏడువు బిడ్డా. తర్వాత చీర మార్చుకో. ఖమ్మం పోదాం" అంది.

గుమ్మంలో డేవిడ్ నిలబడిపోయాడు. "ఖమ్మమా? పిచ్చి డాక్టరు కాడికా? అమ్మా, వాళ్ళు కట్టేసి కరెంటు షాకులిస్తరే. సినిమాల చూడలేదా నువ్వు?"

"ఆ సినిమాలు ఏసింది నువ్వే గదరా" అంది అత్తమ్మ. "పక్కకు జరుగు. బస్సు పోతది."

బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఇవతల ఆమె కూర్చుంది. నా కొంగు చివర తన చేతికి చుట్టుకుంది. సత్తుపల్లి దాటినా వదల్లేదు. తల్లాడలో బస్సు ఆగితే, చాయ్ అమ్మే అతన్ని కిటికీ దగ్గరికే పిలిచింది. దిగితే నేను ఎక్కడికైనా పోతానని భయం. ఒక చేత్తో కొంగు, ఒక చేత్తో గ్లాసు పట్టుకొని, "తాగు, వేడిగున్నది" అని నా నోటికి అందించింది. వెనక సీటు ఆడమనిషి, "ఒంట్లో బాగలేదా అమ్మా?" అని అడిగింది. "అవ్, మనసుల బాగలేదు. దవాఖానకు పోతున్నం" అంది అత్తమ్మ, జ్వరమని చెప్పినంత మామూలుగా. నేను తల దించుకున్నాను. ఆ అడిగినామె తన సంచిలోంచి ఒక బత్తాయి తీసి నా ఒళ్ళో పెట్టింది.

డాక్టరు దగ్గర కూర్చునే గది నిండా జనం. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. ఊరివాళ్ళు ఎవరైనా కనబడతారేమోనని అందరికీ భయం. గోడకు టీవీ, అందులో హాస్య సన్నివేశాలు. పిచ్చాసుపత్రి. బట్టతల డాక్టరు పరుగెత్తుతున్నాడు, రోగులు అతని వెంటపడి కొరుకుతున్నారు, ఒకడు తలకు వైర్లు పెట్టుకొని గంతులేస్తున్నాడు. గదిలో ఒక పెద్దాయన, చూడ్డానికి బడి పంతులులా ఉన్నాడు, అలవాటుకొద్దీ ఫక్కున నవ్వాడు. వెంటనే తన పక్కన ముడుచుకొని కూర్చున్న కొడుకు వైపు చూశాడు. నవ్వు గొంతులోనే ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

అత్తమ్మ లేచి టీవీ దగ్గరికి పోయింది. "అమ్మా, ముట్టుకోవద్దు!" అని కాంపౌండరు అరిచాడు.

"మాది కేబులే నాయినా. ఇది కట్టేసుడు నాకు తెలుసు" అని కట్టేసి వచ్చి కూర్చుంది. ఎవరూ మళ్ళీ పెట్టమనలేదు. కాసేపటికి ఆ పంతులుగారు నా వైపు తిరిగి, "నీళ్ళు తాగుతావా తల్లీ?" అని సీసా ఇచ్చాడు.

డాక్టరమ్మ నడివయసు మనిషి. తెల్లకోటు కూడా లేదు. చాలాసేపు వింది. "ఇది జబ్బు, మీ గుణం కాదు. మాత్రలతో, మాటలతో తగ్గుతుంది. కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా ఒంటరిగా ఉండొద్దు" అంది. వైర్లు లేవు, కట్టేయడం లేదు. నేను గదంతా వెతికి చూసుకున్నాను. అత్తమ్మ కొంగుముడి విప్పి, కత్తిరించిన ఫోటో చూపించింది. డాక్టరమ్మ దాన్ని చేతిలోకి తీసుకొని చూసింది. తరువాత, "మీరు అడగడం మంచిదైంది పెద్దమ్మా. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అడిగితే బయటికి వస్తుంది" అంది.

2006, మళ్ళీ వానలు

మాత్రలు మొదట ఏ మేలూ చేయలేదు, నోరు మాత్రం ఎండబెట్టాయి. ఎప్పుడూ మగతే. "నిద్రమాత్రలకు అలవాటు చేస్తున్రు" అని చుట్టాలు అన్నారు. మా అన్నయ్య వచ్చి, "పిచ్చి దవాఖానకు పోతున్నరని తెలిస్తే బ్లెస్సీకి రేపు సంబంధాలొస్తయా?" అని గొడవపడి, అన్నం తినకుండా వెళ్ళిపోయాడు. బ్లెస్సీకి అప్పటికి ఊడిన ముందు పళ్ళు కూడా తిరిగి రాలేదు. ఒకసారి నేనే మాత్రలు మానేశాను. మళ్ళీ అదే గోతిలో పడ్డాను. అత్తమ్మ ఆఫీసు బల్లను తీసుకొచ్చి నా మంచం పక్కన వేసుకుంది, చనిపోయినవాళ్ళ ఫోటోలు పట్టుకొని వచ్చేవాళ్ళను బయటే ఆపి మాట్లాడేది.

డాక్టరమ్మ డేవిడ్‌ను రమ్మంది. ఆయన చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకొని కూర్చున్నాడు.

"మా ఛానల్‌ల ఏసింది చూసి మనిషికి సావాలనిపిస్తదా మేడం?"

"బాగున్న మనిషి చూస్తే కాసేపు ఏడ్చి అన్నం తింటుంది. అప్పటికే మునుగుతున్న మనిషికి అది దారి చూపించినట్టవుతుంది. మీ వైరు పోయిన ఇళ్ళల్లో ఎవరు ఎట్లా ఉన్నారో మీకు కనబడదు కదా."

"జనమే అడుగుతరు మేడం. మరి పోయినోళ్ళ గురించి అసలే చెప్పొద్దా?"

"చెప్పండి. పేరు చెప్పండి, మీ దుఃఖం చెప్పండి. ఎట్లా, ఎక్కడ అన్నది వద్దు. చావును పెళ్ళిలాగా అలంకరించొద్దు. సహాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. జబ్బు పడి లేచినవాళ్ళను కూడా చూపించండి."

"అసొంటోళ్ళు కెమెరా ముందుకు ఎవరొస్తరు మేడం?"

ఆమె నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. తిరుగు ప్రయాణంలో డేవిడ్ నా పక్కన కూర్చున్నాడు. వైరా దాటాక, అంతమంది జనంలో, కండక్టరు చూస్తుండగా ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకొని ఏడ్చాడు. ఆయన వీపు మీద చెయ్యి వేయాలని నాకు అనిపించింది. ఏదో ఒకటి చేయాలని అనిపించడం చాలా నెలలకు అదే మొదలు.

ఆ ఏడు పత్తి తీసే కాలం

ఒక రైతు తనంతట తాను ప్రాణం తీసుకున్నాడు. ఊరివాళ్ళు ఫోటో పట్టుకొచ్చి, కెమెరాతో ఇంటికి రమ్మన్నారు. డేవిడ్ పోలేదు. పూల అట్ట కూడా తీయలేదు. ఫోటో మాత్రం ఒక్కసారి వేసి, పేరు చెప్పి, కుటుంబానికి అండగా ఉండండని చెప్పాడు. పాట లేదు. కింద అక్షరాల్లో ఒక వరస వేశాడు, మనసు బాగాలేకుంటే దగ్గరివాళ్ళతో చెప్పండి, దవాఖానాలో వైద్యం ఉంది అని.

జనం ఆఫీసు ముందుకు వచ్చారు. "మావోడు మనిషి కాడా డేవిడూ? ఆ పిల్లకైతే పొద్దంత ఏసినవ్!" అని నిలదీశారు. ఆయన నచ్చజెప్పబోతే వినలేదు. "పెండ్లాం మందులు మొగుడు గూడ మింగుతుండు" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. లోపలి నుంచి అది విన్నాను. నా ఒళ్ళు మండిపోయింది.

"కెమెరా పెట్టు. నేను మాట్లాడత" అన్నాను.

డేవిడ్ వద్దన్నాడు. పిల్లకు వచ్చే చెడ్డపేరు, చర్చిలో మాట, మా అన్న కోపం అన్నీ చెప్పాడు. అత్తమ్మ ఆయన మాటకు అడ్డం రాలేదు, నా మాటకూ రాలేదు. వచ్చి నా జుట్టు దువ్వి, పౌడరు రాసింది. చనిపోయినవాళ్ళ అట్ట నిలబెట్టే స్టూలు మీదే నేను కూర్చున్నాను. "నా పేరు కరుణ. నాకు మనసు జబ్బు చేసింది. సచ్చిపోదామనుకున్న. మా అత్తమ్మ అడిగింది, చెప్పిన. మందులు వాడుతున్న. ఇయ్యాల పొద్దున మా పిల్లకు జడేసిన." అంతకు మించి మాట రాలేదు. డేవిడ్ దాన్ని అట్లాగే వేశాడు. వెనక పాట లేకుండా.

మళ్ళీ వేయమని ఎవరూ ఫోన్ చేయలేదు. చర్చిలో కొందరు నా పక్కన కూర్చోవడం మానేశారు. నేను అనుకున్నంత బాధ పడలేదని చెబితే అబద్ధం. చాలా పడ్డాను.

2007, ఎండలు

శ్రావణి పోయి ఏడాది కావస్తుండగా భూలక్ష్మి మా ఆఫీసుకు వచ్చింది. నేను బల్ల దగ్గర ఉన్నాను. మనిషి సగమైపోయింది. నన్ను చూసి, "డేవిడ్ లేడా?" అంది. లోపల ఉన్నాడని చెప్పాను. ఆయనకు మా మాటలు వినబడుతున్నాయని నాకు తెలుసు.

"మా పిల్లది మళ్ళొకసారి ఎయ్యాలమ్మా. ఏడాది దినం."

ఎట్లాగో కూడదీసుకొని, "పేరు చెప్తం అక్కా. ఫోటో ఏస్తం. ఆ ప్రోగ్రాం మాత్రం ఎయ్యం" అన్నాను.

"పాట గూడ ఉండదా?"

"ఉండదక్కా."

"పాట లేకుంటే మా పిల్లను ఎవరు యాది చేసుకుంటరు?"

ఆమెను కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. బీరువాలోంచి మా పెళ్ళి ఫోటో తెచ్చి చూపించాను, నా ముఖం ఉండాల్సిన చోట గుండ్రటి బొక్క ఉన్నది. ఆ ప్రోగ్రాం చూస్తూ నేను ఏమనుకున్నానో, ఎందుకు కత్తిరించానో అంతా చెప్పాను. ఆమె ఆ బొక్కలో వేలు పెట్టి చుట్టూ తడిమింది.

"మా పిల్ల గూడ దిగిందమ్మా ఫోటో" అంది. "ఆ వారమే. సత్తుపల్లి పోయి, పూలు పెట్టుకోని దిగొచ్చింది. ఎందుకే అంటే, కావాలమ్మా, మంచి ఫోటో ఒకటి లేదు గద అన్నది. కాలేజీల అడిగిన్రేమో అనుకున్న."

లోపలి గదిలో ఏదో కిందపడిన చప్పుడు. డేవిడ్ బయటికి రాలేదు. ఊరంతా పొద్దంతా చూసిన ఆ గులాబీ చుడీదార్, ఆ కనకాంబరాలు నా కళ్ళ ముందుకు వచ్చాయి. మా ఛానల్‌లో అంతకుముందు పూల అట్ట ఎక్కినవాళ్ళను చూసి చూసి ఆ పిల్ల తన ఫోటో తానే తయారు చేసుకుంది. నా ఫోటో మా అత్తమ్మకు దొరికింది. ఆ పిల్ల ఫోటో చూసి అడగాలని ఎవరికీ తెలియలేదు.

భూలక్ష్మి లేవలేదు. కొంగుతో నోరు మూసుకొని, నేల వైపు చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. ఏడాది పాటు నేను అద్దంలో చూసుకున్న చూపు అది. అడగడానికి నేనెవర్ని? నేను డాక్టరును కాను, ఆమెకు చుట్టాన్ని కాను. ఆమె బిడ్డ చావును పొద్దంతా తిప్పి తిప్పి వేసిన ఇంటి కోడల్ని. అయినా ఆమె చెయ్యి తీసుకొని నా ఒళ్ళో పెట్టుకున్నాను.

"అక్కా, నీకు గూడ సచ్చిపోవాలనిపిస్తున్నదా?"

ఆమె నా ముఖం వైపు చూసింది. ఆ మాట ఎవరైనా అడుగుతారని ఏడాదిగా చూస్తున్నట్టు చూసింది.

"అవ్" అంది.

నేను కేకేయకముందే అత్తమ్మ వంటింట్లోంచి వచ్చేసింది. ఆ పూట భూలక్ష్మిని ఇంటికి పోనివ్వలేదు. మా ఇంట్లోనే అన్నం పెట్టాం, నా పక్కనే చాప వేశాం. పొద్దున్నే ఖమ్మం బస్సుకు డేవిడ్ మమ్మల్ని రోడ్డు దాకా తీసుకొచ్చి, బస్సు ఆపి, ఆమె సంచి ఎక్కించాడు. ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఇవతల నేను కూర్చొని, ఆమె కొంగు చివర నా చేతికి చుట్టుకున్నాను.